సీకో 5 స్పోర్ట్స్ 38: తగ్గింది సైజా, అంకెనా?

వాచీల పిచ్చి ఉన్నవాళ్ళ మణికట్లు వరసగా కొన్నేళ్ళు గమనిస్తే ఒకే తంతు కనిపిస్తుంది. మొదట్లో 44, 45 మిల్లీమీటర్ల వ్యాసమున్న పళ్ళెం. రెండు మూడేళ్ళకి 42. ఆ తర్వాత "నలభై దాటితే ముట్టను" అని ఒట్టు. ఇంకాస్త ముదిరాక 38, 36. అక్కణ్ణించి కొందరు మళ్ళీ రెండు మెట్లు పైకెక్కుతారు. ఈ దిగుడు మెట్లలో అందరూ తప్పనిసరిగా ఆగే చోటు 42 నుంచి 38కి దిగేది. జపాన్ కంపెనీ సీకో చేసే 5 స్పోర్ట్స్‌లో ఆ మెట్టుని ఒకే వాచీ మీద పరీక్షించొచ్చు. 2019లో వచ్చిన ఎస్‌ఆర్‌పీడీ వరస 42.5 మి.మీ. 2023లో వచ్చిన ఎస్‌ఆర్‌పీకే29, దాని తోబుట్టువులు 38 మి.మీ. అదే ముఖం, అదే 4ఆర్36 మెషీను, నాలుగింటి దగ్గర అదే కీ. మారింది కొలత ఒక్కటే కాబట్టి పోలిక శుభ్రంగా ఉంటుంది.

కొలతలు చూడండి. పెద్దది: వ్యాసం 42.5, మందం 13.4, లగ్ టు లగ్ 46, బెల్టు వెడల్పు 22. చిన్నది: వ్యాసం 38, మందం 12.1, లగ్ టు లగ్ 44.1, బెల్టు 20. లగ్ టు లగ్ అంటే పైన బెల్టు పట్టే కొమ్ముల చివర నుంచి కింది కొమ్ముల చివర దాకా ఉండే పొడవు. మణికట్టుకి అడ్డంగా పరుచుకునేది ఇదే.

వ్యాసంలో తేడా నాలుగున్నర మిల్లీమీటర్లు. పొడవులో తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఈ సమీక్షలో చెప్పాల్సిన అసలు సంగతి ఇదే. "42.5 నా చేతికి పెద్దదైపోయింది, అమ్మేసి 38 తీసుకుంటా" అనేవాళ్ళలో సగం మంది బాధ వ్యాసంతో కాదు. పెద్ద సీకో కొమ్ములు పొట్టివి, కిందికి వంగి ఉంటాయి. అందుకే అది 42.5 అని చెబితే తప్ప అంత అనిపించదు. చిన్నదాని కొమ్ములు వ్యాసంతో పోలిస్తే కాస్త బయటికే ఉంటాయి, 38 అనగానే ఊహించుకున్నంత బుల్లిగా ఉండదు. రెండింటినీ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి తప్ప తండ్రీ కొడుకుల్లా ఉండవు.

మరి కళ్ళకి తేడా తెలీదా అంటే బాగా తెలుస్తుంది. వైశాల్యం లెక్కేస్తే 42.5 వాచీ ముఖం 38 దానికంటే పాతిక శాతం ఎక్కువ. దూరం నుంచి చూసేవాళ్ళకి కనిపించేది ఈ వైశాల్యం, పెట్టుకున్నవాళ్ళకి ఒరుసుకుని తెలిసేది పొడవు, మందం. అద్దంలో చూసుకుని "పెద్దదిగా ఉంది" అనుకుంటే 38 మీ సమస్య తీరుస్తుంది. చేయి మడిచినప్పుడు గుచ్చుకుంటోందనో, చొక్కా కఫ్ కింద దూరట్లేదనో అయితే 38తో తీరేది సగమే.

మందం దగ్గర చిన్నదానికి నా మార్కులు తక్కువ. 13.4ని 42.5తో భాగిస్తే 0.315. 12.1ని 38తో భాగిస్తే 0.318. అంటే వ్యాసం తగ్గినంతగా మందం తగ్గలేదు, నిష్పత్తిలో చిన్నదే పిసరంత బొద్దుగా ఉంది. కారణం లోపల ఉంది. 4ఆర్36 మెషీను వ్యాసం 27.4 మి.మీ., మన పది రూపాయల బిళ్ళ కంటే వెంట్రుకవాసి పెద్దది. మందం 5.32 మి.మీ. దాని మీద వారం, తేదీ చక్రాలు, డయలు, మూడు ముళ్ళు ఒకదానికొకటి తగలకుండా ఎడం, ఆపైన అద్దం. కింద, చేతి కదలికకి తిరిగి వాచీకి కీ ఇచ్చే రోటరుకి చోటు, లోపలి యంత్రం కనిపించేలా వెనక మరో అద్దం. వాచీ ఎంత చిన్నదైనా ఈ దొంతర ఎత్తు మారదు. వెనక అద్దం మానేసి మామూలు స్టీలు మూత వేసి ఉంటే కొంత కలిసొచ్చేది. ఈ మెషీన్లో చూసి మురిసిపోయేంత నగిషీ కూడా ఏమీ లేదు.

మందం ఎంత ముఖ్యమో తెలియాలంటే టైటాన్ ఎడ్జ్ గుర్తు తెచ్చుకోండి. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ మెషీను 1.15 మి.మీ., మొత్తం వాచీ 3.5 మి.మీ. అలాంటిది వ్యాసంలో ఎంత వెడల్పున్నా చేతి మీద ఉన్నట్టే ఉండదు. సీకో లాంటి ఆటోమేటిక్‌తో దాన్ని పోల్చడం న్యాయం కాదు, ఒప్పుకుంటా. కానీ "చిన్న వాచీ కావాలి" అంటూ తిరిగేవాళ్ళలో చాలామందికి నిజంగా కావాల్సింది పల్చటి వాచీ. ఆ సంగతి నాలుగో వాచీ కొన్నాక గాని బోధపడదు.

కంటికి కనిపించే సైజుని మార్చే ఇంకో ముఖ్యమైనది బెజెలు, అంటే అద్దం చుట్టూ ఉండే పట్టీ. నల్లటి బెజెలు మందంగా చుట్టుకుని ఉంటే లోపలి డయలు కుంచించుకుపోయినట్టు ఉంటుంది. రెండు సీకోలూ ఆ కోవవే. అందుకే నీళ్ళలో మునిగేవాళ్ళ డైవర్ వాచీ రూపంలో ఉన్న 38, సన్నటి అంచున్న 38 డ్రెస్ వాచీ కంటే చిన్నగా కనిపిస్తుంది. దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించాలంటే ఇంట్లో తాతగారి హెచ్ఎంటీ జనతా ఉందేమో వెతకండి. కేసు, అంటే బయటి లోహపు గుల్ల, సుమారు 35 మి.మీ., బెల్టు 18. అంకె వింటే ఆడవాళ్ళ వాచీ అనుకుంటారు ఈ కాలం కుర్రాళ్ళు. చేతికి పెట్టి చూస్తే సన్నటి అంచు, కేసు నిండా తెల్ల డయలు, నిండుగా ఉంటుంది. 38 సీకో పక్కన పెట్టినా డయలు విషయంలో ఏమీ తీసిపోదు. (ఇంట్లో లేక ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఒక మాట: పాత కేసులో తళతళలాడే కొత్త డయలు, అందులోనూ ఎప్పుడూ చూడని రంగు కనిపిస్తే అది మళ్ళీ అచ్చేసిన డయలు అనుకోవడం మంచిది.)

జనతా కాలంలో మగవాళ్ళ వాచీ అంటే ప్రపంచమంతా అటూ ఇటూగా అదే కొలత. 33 నుంచి 36. పెద్దవి పైలట్లకి, డైవర్లకి, అంటే పని కోసం. తొంభైల్లో గాలి మారింది. ఆడమార్ పీగే 39 మి.మీ. రాయల్ ఓక్‌ని 1993లో ఆఫ్‌షోర్ పేరుతో 42 చేసింది. పనెరాయ్ 44తో జనంలోకి వచ్చింది. 2002లో ఐడబ్ల్యూసీ బిగ్ పైలట్ 46.2. ఆ తర్వాత మాల్స్‌లో దొరికే ఫ్యాషన్ వాచీలన్నీ ఆ దారే పట్టాయి. మొదటి వాచీ 45 కావడం కొనేవాడి తప్పు కాదు, గాజు బీరువాలో ఉన్నవే అవి.

వెనక్కి తిరిగిన దారి చూడాలంటే ట్యూడర్ కంపెనీ బ్లాక్ బే వాచీ చాలు. 2012లో 41. 2018లో ఫిఫ్టీ ఎయిట్ పేరుతో 39. 2023లో ఫిఫ్టీ ఫోర్ పేరుతో 37. ఒక కలెక్టరు పదేళ్ళలో దిగే మెట్లని కంపెనీయే దిగి చూపించింది. ఫిఫ్టీ ఫోర్ మందం 11.2, భాగిస్తే 0.303. సీకో 38లో నాకు వెలితిగా తోచింది సరిగ్గా ఇదే. ధరలో ఏనుగుకీ ఎలక్కీ ఉన్న తేడా కాబట్టి సీకోని దులపను గాని, చిన్నది చేయడమంటే మూడు వైపులా తగ్గించడం అని అక్కడ తెలుస్తుంది. రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్ది ఇంకా తమాషా. దశాబ్దాలు 36. 2010లో 39 చేశారు. అంత డయలుకి ముళ్ళు పొట్టిగా ఉన్నాయని గోల మొదలైతే 2016లో వాటిని పెంచారు. 2021లో మళ్ళీ 36. 2023లో పక్కనే 40 కూడా పెట్టారు. వాళ్ళకే కుదురు లేదు, మనకెక్కడిది!

సీకో విషయంలోనూ 38 కొత్త కాదు. 1996లో మొదలైన సీకో డైవర్ వాచీల ఎస్‌కేఎక్స్ వరసలో అందరికీ తెలిసిన 007 పక్కన 38 మి.మీ., 20 బెల్టుతో 013 ఉండేది. దుకాణాల్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆపేశాక వెతుక్కున్నారు.

సరే, మీ చేతికి ఏది నప్పుతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. టైలరు టేపుతో మణికట్టు చుట్టుకొలత తీసుకోవడం అందరూ చేసేదే, దానితో సగమే తెలుస్తుంది. 16.5 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న ఇద్దరిలో ఒకరి చేయి గుండ్రంగా, ఇంకొకరిది చెక్కలా చదునుగా ఉండొచ్చు. చదును చేతికి పెద్ద వాచీ సర్దుకుంటుంది, గుండ్రటి చేతి మీద కొమ్ములు గాలిలో తేలతాయి. కొలవాల్సింది పైభాగం వెడల్పు. దీనికి మీ ఏటీఎం కార్డు చాలు. దాని పొట్టి వైపు 54 మి.మీ. ఉంటుంది. చేతి ఎముక గుబ్బకి ఇవతల, వాచీ నిజంగా కూర్చునే చోట ఆ పొట్టి వైపుని మణికట్టుకి అడ్డంగా ఆనించండి. కార్డు రెండు వైపులా బయటికి వస్తే మీ వెడల్పు 54 కంటే తక్కువ. ఇప్పుడు అట్టముక్క మీద 46 పొడవు, 44 పొడవు రెండు పీలికలు కత్తిరించి అక్కడే పెట్టండి. పీలిక చివర తర్వాత ఇటూ అటూ కనీసం మూడేసి మిల్లీమీటర్లు చర్మం కనిపించాలి. అంటే వెడల్పు 52 దాటితే రెండు సీకోలూ హాయిగా కూర్చుంటాయి. 50–52 మధ్య ఉంటే 38 వైపు మొగ్గండి. 50 లోపైతే 44.1 పొడవు కూడా అంచు మీదే ఉంటుంది. కొమ్ములు ఇంకా పొట్టిగా ఉన్న 36 చూసుకోవడం మేలు.

పీలిక చివర్లు చేతి వాలుకి తగ్గట్టు కిందికి వంగాలి, అట్టని గట్టిగా తీసుకుని చదునుగా పెడితే లెక్క తప్పుతుంది. ఇంకో తప్పు అందరూ చేసేది: ఫోను దగ్గరగా పెట్టి చేతి ఫోటో తీయడం. వైడ్ లెన్సు దగ్గరున్న వస్తువుని ఉబ్బించి వెనకున్న చేతిని పీలగా చూపిస్తుంది, 38 కూడా 42లా కనపడుతుంది. ఆ ఫోటో పంపి "పెద్దగా ఉందా?" అని పదిమందిని అడిగి వాచీ అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. నిలువుటద్దం ముందు రెండు మీటర్ల దూరంలో నిలబడి, చేయి కిందికి వేలాడదీసి చూసుకోవాలి. ఎదుటివాళ్ళకి కనిపించేది ఆ దృశ్యమే.

చైను కేసులోనే కలిసిపోయే వాచీల్లో ఈ లెక్కలు కూడా చాలవు. టిసో పీఆర్‌ఎక్స్ చూడండి. కొమ్ములు విడిగా ఉండవు, మొదటి లింకు కేసుకే అతుక్కుని బయటికి చాచి ఉంటుంది. అందుకే 40 అని రాసున్నా చేతి మీద అంతకంటే పెద్దగా పరుచుకుంటుంది. 2021లో 40 వచ్చాక మరుసటి ఏడాదే 35 తేవాల్సి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. సీకో 5లో ఈ బాధ లేదు, మొదటి లింకు తేలిగ్గానే కిందికి వాలుతుంది.

పెట్టుకుని తిరిగేటప్పుడు తేడా అన్నిటికంటే ఎక్కువ తెలిసేది ఎండాకాలం. మన మే నెల ఎండకి మణికట్టు మధ్యాహ్నానికి ఉబ్బుతుంది, రాత్రి ఏసీలో మళ్ళీ తగ్గుతుంది. బరువైన 42.5 వాచీని వదులుగా పెడితే చేతి చుట్టూ జారి కీ మణికట్టు వెనక గుచ్చుకుంటుంది, బిగిస్తే అచ్చు పడుతుంది. 38 బరువు తక్కువ కాబట్టి కాస్త వదులుగా పెట్టినా నిలుస్తుంది. పెద్దది వదిలి చిన్నదానికి మారడానికి నా దృష్టిలో దీన్ని మించిన కారణం లేదు. చైను లింకులు తీయించేది ఉదయం చల్లగా ఉన్నప్పుడు కాకుండా సాయంత్రం పెట్టుకోండి. బిగించాక చిటికెన వేలు చివర చైను కింద దూరాలి. లింకులు రెండు వైపులా సమంగా తీయకపోతే బకిల్ చేతి కింద పక్కకి పోయి, వాచీ తల ఎప్పుడూ బయటికి ఒరుగుతుంది. సైజు నప్పలేదని వాచీని తిట్టుకుంటారు. ఇంకో జాగ్రత్త: సీకో చైన్లు చాలావాటిలో పిన్నుతో పాటు బియ్యపు గింజ కంటే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. పిన్ను కొట్టగానే అది జారి కింద పడుతుంది. అది లేకుండా పిన్ను దూర్చేస్తే కొన్నాళ్ళకి పిన్ను తనంతట తనే బయటికొచ్చి వాచీ నేల మీదుంటుంది. రిపేరు చేసే ఆయన ముందు తెల్ల కాగితం పరిచి పని చేయమని అడగండి.

పాత బెల్టుల సంగతి కూడా ఆలోచించుకోవాలి. 22 బెల్టులు నాలుగైదు పోగేసినవాళ్ళకి 38కి మారితే అన్నీ వృథా. తోలు 22ని నొక్కి 20లో ఇరికిస్తే బెల్టుని కొమ్ములకి పట్టే పుల్ల దగ్గర ముడత పడి నెలల్లో పగులుతుంది. నైలాన్ అయితే కొంత ఓర్చుకుంటుంది గాని అంచులు పైకి లేస్తాయి. మంచి మాటేమిటంటే 20లో దొరికే రకాలు 22 కంటే ఎక్కువ. వెడల్పు వ్యాసంలో సగానికి కాస్త ఎక్కువ ఉండటం కంటికి కుదురు. 22 బై 42.5, 20 బై 38, జనతాలో 18 బై 35, మూడూ 0.51, 0.53 మధ్యే ఉన్నాయి. చెమటకి తోలు ఏ సైజులోనూ నిలవదు, వేసవికి రబ్బరో నైలానో వేసుకోండి.

సైజుతో సంబంధం లేని లోట్లు రెండింటిలోనూ ఒకటే. పాత ఎస్‌కేఎక్స్‌కి మర తిప్పి బిగించే కీ, 200 మీటర్ల దాకా నీటిని తట్టుకునే గుణం ఉండేవి. వీటికి లాగి నొక్కే కీ, 100 మీటర్లు. వానకి, చేతులు కడగడానికి, కొలనులో ఈతకి ఏమీ కాదు; కీ పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకుంటే చాలు. కానీ డైవర్ వేషం వేసిన వాచీ డైవర్ కాకపోవడం నాకు మింగుడుపడదు. అద్దం హార్డ్‌లెక్స్ అని సీకో పిలుచుకునే గట్టిపరిచిన గాజు, నీలమణి గాజు కాదు; గోడకి రాసుకుంటే గీత పడుతుంది. కంపెనీ చెప్పే టైము రోజుకి +45 నుంచి −35 సెకన్లు. చాలా వాచీలు అంతకంటే మెరుగ్గానే నడుస్తాయి గాని, రోజుకి పాతిక సెకన్లు ముందుకెళితే అది వారంటీ కిందికి రాదని తెలిసి కొనాలి. పూర్తిగా కీ ఇస్తే 41 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే ఆదివారం సాయంత్రానికి ఆగిపోయి ఉంటుంది. మళ్ళీ పెట్టేటప్పుడు రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి నాలుగు మధ్యలో తేదీ మార్చొద్దు, ఆ వేళ పళ్ళచక్రాలు తేదీ పలకని పట్టుకుని ఉంటాయి. ముళ్ళని ఆరు దగ్గరికి తిప్పి ఆ తర్వాత మార్చండి.

కొట్లో చూడాల్సింది ఇంకొకటుంది. బెజెలు మీద త్రికోణం 12 గుర్తుకి, లోపలి నిమిషాల గీతలు డయలు గీతలకి ఎదురుగా ఉన్నాయో లేదో తేరిపార చూడండి. ముఖం చిన్నదయ్యేకొద్దీ అర గీత వంకర కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక అదొక్కటే కనిపిస్తుంది.

ఎవరు ఏది కొనాలంటే: మణికట్టు వెడల్పు 50–52 మధ్య, రోజంతా ఆఫీసులో చైనుతో పెట్టుకోవాలి అనుకుంటే 38, ఆలోచించక్కర్లేదు. వెడల్పు 55 దాటి ఇప్పటికే 42.5 ఉంటే దాన్ని అమ్మి ఇది కొనడం దండగ; పొడవులో రెండు మిల్లీమీటర్ల కోసం అమ్మకంలో పోయే డబ్బు ఎక్కువ. చిన్న వాచీ సరదా తీరాలంటే అలాంటివాళ్ళు ఒకేసారి 35, 36 పల్చటి కీ వాచీకి దిగితే తేడా అంటే ఏమిటో తెలుస్తుంది. నలభై దాటి చత్వారం మొదలైనవాళ్ళు మాత్రం 38లో వారం, తేదీ చదవగలరో లేదో సాయంత్రం వెలుతురులో చూసి మరీ తీసుకోండి. 36 దాకా దిగినవాళ్ళు మళ్ళీ పైకెక్కడానికి ఫ్యాషన్ కంటే కళ్ళే ఎక్కువ కారణం. ఏది కొన్నా తీసిన లింకులు, ఆ చిన్న గొట్టాలతో సహా డబ్బాలోనే వేసి ఉంచండి. రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడి చేయి మీకంటే లావుగా ఉండొచ్చు.